తల్పమా? గిల్పమా?

‘మాయాబజార్’ చూడని తెలుగువాడు వున్నాడంటే నేను నమ్మను. 1957లో వచ్చిన ఆ సినిమాని థియేటర్లో చూడనివాళ్ళు టీవీలో చూశారు, టీవీలో చూడనివాళ్ళు ఫోన్లో చూశారు. అందులో మగపెళ్ళివారి విడిదింట్లో శర్మ, శాస్త్రి గార్లు పడ్డ అవస్థ గుర్తుందిగా? కాలు పెట్టినవాణ్ణి ఆటపట్టించే కంబళి పేరు గింబళి. నడుం వాల్చబోయినవాణ్ణి కింద పడేసే తల్పం పేరు గిల్పం. పింగళి నాగేంద్రరావుగారు పుట్టించిన మాటలవి.

ఆ సినిమాలోనే ఇంకో రెండు వస్తువులున్నాయి. మూత తెరిస్తే మనసుకి నచ్చిన మనిషి కనిపించే ప్రియదర్శిని పెట్టె ఒకటి. ఎక్కి నిలబడినవాడిచేత నిజం కక్కించే సత్యపీఠం ఇంకోటి. ప్రియదర్శిని ఇప్పుడు హైటెక్ సిటీలో ప్రతి కుర్రాడి వీపు సంచిలోనూ వుంది. సత్యపీఠమే ఇంకా మార్కెట్లోకి రాలేదు. వచ్చిన రోజున ప్రతి ఫర్నిచర్ షాపులోనూ సేల్స్‌మన్ నిలబడే చోట ఒకటి వేయించాలని నా మనవి!

ఈ వారం ముచ్చట ఆ తల్పాల గురించీ, గిల్పాల గురించీనే. కొత్తగా ఉద్యోగం వచ్చి, కొత్తగా ఫ్లాట్ అద్దెకి తీసుకుని, ఖాళీ హాల్లో చాప మీద కూచుని ‘ఏం కొందాం?’ అని ఫోన్లో బొమ్మలు చూసుకుంటున్న మీ అందరి కోసం.

సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్లో అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు ప్రారంభించిననాడు ఆ చుట్టుపక్కల బండరాళ్ళే ఎక్కువ. ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి అదే దారిలో ఇంకో ప్రారంభోత్సవం జరిగింది. 2018 ఆగస్టు 9న స్వీడన్ కంపెనీ ఐకియా భారతదేశంలో తన మొట్టమొదటి దుకాణం తెరిచింది. బొంబాయిలో కాదు, ఢిల్లీలో కాదు, మన హైటెక్ సిటీలో! 13 ఎకరాల స్థలం. 4 లక్షల చదరపు అడుగుల కట్టడం. 7,500 రకాల వస్తువులు. అందులో వెయ్యి రకాలు 200 రూపాయల లోపువి. వెయ్యిమంది ఒకేసారి కూచుని తినే హోటలు. ఆ హోటల్లో వాళ్ళ స్వీడన్ మాంసం వుండలు మన కోసం కోడిమాంసంతో చేశారు, పక్కనే బిర్యానీ కూడా పెట్టారు. తొలిరోజు దాదాపు 40 వేలమంది వచ్చారని అప్పటి పత్రికలు రాశాయి. మైండ్‌స్పేస్ దారిలో కార్లు కదల్లేదు. మెగాస్టార్ సినిమా మొదటి రోజు మొదటి ఆటకి కూడా అంత జనం ఒకేచోట పడరు. తేడా ఏమిటంటే, ఇక్కడ జనం తోసుకున్నది హీరోని చూడ్డానికి కాదు, దిండు గలీబుల్ని చూడ్డానికి!

లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, అది దుకాణంలా వుండదు. నేల మీద బాణాలుంటాయి. ఆ బాణాల వెంట నడుస్తుంటే ఒక పడగ్గది వస్తుంది, తర్వాత ఒక వంటగది, తర్వాత ఒక పిల్లల గది. పక్క పరిచి వుంటుంది. దీపం వెలుగుతూ వుంటుంది. బల్ల మీద కప్పూ సాసరూ వుంటాయి. ఇంట్లోవాళ్ళు ఇప్పుడే పక్కగదిలోకి వెళ్ళారేమో అనిపిస్తుంది. కుళాయి తిప్పితే మాత్రం నీళ్ళు రావు. గదికి మూడే గోడలు.

ఈ పత్రిక చదివేవాళ్ళకి వేరే చెప్పాలా? అది సెట్టు!

మూడు గోడల గది సినిమావాళ్ళ సొత్తు. నాలుగో గోడ వుండాల్సిన చోట కెమెరా వుంటుంది. ఐకియాలో ఆ కెమెరా చోట మనం నిలబడతాం. సెట్టు వేసేవాడి ప్రతిభంతా అది సెట్టు అని మనకి గుర్తు రాకుండా చెయ్యడంలోనే వుంది. 2003లో ‘ఒక్కడు’ కోసం ఆర్ట్ డైరెక్టర్ అశోక్ వేసిన చార్మినార్‌ని అసలు చార్మినారే అనుకుని బయటికొచ్చినవాళ్ళు ఎంతమంది! అలాగే ఆ మూడు గోడల గదిలో రెండు నిమిషాలు నిలబడితే మన బుర్ర నాలుగో గోడ తనే కట్టేసుకుంటుంది. ‘మన హాలు కూడా ఇలాగే వుంటుంది’ అనేస్తుంది. మన హాల్లో ఇన్వర్టర్ వుంటుందనీ, బట్టలారేసే స్టాండు వుంటుందనీ, మూలన ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండుంటాయనీ ఆ క్షణంలో గుర్తురాదు.

నిజం చెప్పాలంటే మన ఇళ్ళలోకి ఫర్నిచర్ ఫ్యాషన్లు మోసుకొచ్చింది సినిమాలే. ఒకప్పటి సినిమా ఇంటిని గుర్తు చేసుకోండి. హాల్లోకి వంకర తిరిగి దిగే మెట్లు. జమీందారుగారైతే గోడకి పులితల, చెక్కడపు పని చేసిన ఎత్తుపీట కుర్చీ. రిటైరైన నాన్నగారైతే వసారాలో పడకకుర్చీ. పేదవాడైతే నవారు మంచం, అదీ కాస్త వదులైంది. ఫోను పెట్టడానికి గుండ్రటి స్టాండు ఒకటి, దాని మీద అల్లిన గుడ్డ. మనిషి నోరు విప్పకముందే వాడెవడో కుర్చీ చెప్పేసేది. ‘గుండమ్మ కథ’ (1962)లో ఎన్టీ రామారావుగారు సావిత్రిగారి పక్కన కూచుని రుబ్బురోలు తిప్పుతుంటే ఆ రోలు ఉత్త సామానా? సగం ప్రేమకథ అదే నడిపింది!

విలన్‌కైతే గిర్రున తిరిగే కుర్చీ వుండేది. వీపు మనవైపు పెట్టి కూచుని, సిగార్ పొగ వదిలి, మెల్లగా ఇటు తిరిగేవాడు. హాలంతా గప్‌చిప్! ఇప్పుడు సైబరాబాద్‌లో లక్షలమంది రోజుకి తొమ్మిది గంటలు ఆ విలన్ కుర్చీలోనే కూచుంటున్నారు. నడుం నెప్పి ఒక్కటే అదనం.

ఇప్పటి సినిమాల్లో హీరో సాఫ్ట్‌వేర్ ఇంజనీరైతే ఆ ఫ్లాట్ ఎలా వుంటుందో మీరే చెప్పేస్తారు. తెల్ల సోఫా. గోడకి గిటారు, వాయించడం వచ్చినా రాకపోయినా. పైనుంచి తీగలకి వేలాడే బల్బులు. ఒక పెద్దాకుల మొక్క. ఎవరూ తియ్యని పుస్తకాల అర. ఆ బొమ్మే ఫోన్లోనూ, అదే దుకాణంలోనూ, అదే మన కోరికలోనూ. ఒక్క తేడా వుంది. షూటింగ్ అయిపోగానే ప్రాపర్టీస్ వాళ్ళు సామానంతా లారీకెక్కించుకుని పోతారు. మన వాయిదాలు ఎక్కడికీ పోవు.

అలాగని ఆ కంపెనీవాళ్ళని తీసిపారెయ్యను. వాళ్ళ బుర్ర గట్టిది. ఇంగ్వార్ కాంప్రాడ్ అనే ఆయన 1943లో, పదిహేడేళ్ళ వయసులో పెట్టిన వ్యాపారం అది. తన పేరులోంచీ, పెరిగిన పొలం పేరులోంచీ, ఊరు పేరులోంచీ అక్షరాలు ఏరి ఆ పేరు కట్టాడు. 2018 జనవరిలో పోయాడు, మన హైదరాబాద్ దుకాణం చూడకుండానే. 1956లో వాళ్ళ దగ్గర పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్లని కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్ళు వూడదీసి పెడితే పట్టింది. అంతే! ఫర్నిచర్‌ని విడి ముక్కలుగా, చదునైన డబ్బాలో పెట్టి అమ్మే పద్ధతి అక్కణ్ణుంచి వాళ్ళకి అలవాటైంది. లారీలో గాలిని మోసుకెళ్ళక్కర్లేదు కాబట్టి ధర తగ్గింది. మీలో చాలామంది కొన్న ‘బిల్లీ’ పుస్తకాల అర కూడా ఆయనదే, 1979 నాటిది. వూగుతున్నట్టుండే ‘పోయెంగ్’ కుర్చీ నకమురా అనే జపాన్ మనిషి 1976లో గీసింది. అంటే మనం ‘లేటెస్ట్’ అని మురిసిపోయేవి మన అమ్మానాన్నల పెళ్ళిచూపుల నాటి డిజైన్లన్నమాట! పాత సినిమాని కొత్త ప్రింటు తీసి రీరిలీజ్ చేస్తే మనం పేపర్లు చింపి ఎగరేయడం లేదూ? ఇదీ అంతే.

మన దగ్గరికి రాకముందు వాళ్ళు ఈ దేశంలో వెయ్యి ఇళ్ళ దాకా తిరిగి చూశారు. మన ఆడవాళ్ళ ఎత్తుకి తగ్గట్టు వంటగట్టు ఎత్తు తగ్గించారు. పిల్లలు అమ్మానాన్నల గదిలోనే పడుకుంటారని గమనించారు. చుట్టాలొస్తే పొలోమని పదిమంది వస్తారని తెలిసి మడత కుర్చీలూ, స్టూళ్ళూ ఎక్కువ పెట్టారు. మనకి స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం ఇష్టం వుండదని కనిపెట్టి బిగించే మనుషుల్ని ఏర్పాటు చేశారు. స్వీడన్‌లో ఎవరి మంచం వాళ్ళే బిగించుకుంటారట. మన దగ్గర అల్లుడుగారు సుత్తి పట్టుకుంటే అత్తగారు కంగారు పడిపోరూ!

ఇంత తిరిగినా ఒక సంగతి మాత్రం ఏ కంపెనీ సర్వేకీ చిక్కదు. నాకు తెలిసిన ఒక కుర్రాడి ఇంట్లో జరిగింది చెబుతాను.

తణుకు కుర్రాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో నాలుగో అంతస్తులో అద్దె ఫ్లాట్, కొత్త పెళ్ళి. భార్యాభర్తలిద్దరూ ముచ్చటపడి ఒక సోఫా కొన్నారు. ఏ దుకాణంలోనన్నది అనవసరం. బూడిదరంగుది, నేలకి ఇంచుమించు ఆనుకుని వుంటుంది, కూచుంటే మెత్తగా లోపలికి దిగిపోతాం. ఫొటోలో అద్భుతంగా వుంటుంది. పన్నెండు వాయిదాలు. సంక్రాంతి వెళ్ళాక అమ్మా నాన్నా వచ్చారు. నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు.

“నాన్నా, సోఫాలో కూచోండి.”

“ఫర్లేదురా, ఇక్కడ గాలి బాగుంది,” అన్నారాయన బాల్కనీ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని.

రెండో రోజూ అక్కడే గాలి బాగుంది. మూడో రోజూ అంతే. టీవీలో సినిమా వస్తున్నా మెడ పక్కకి తిప్పి అక్కణ్ణుంచే చూస్తున్నారు. నాన్నగారికి సోఫా నచ్చలేదనీ, ఖర్చు దండగని ఆయన మనసులో వుందనీ కుర్రాడు అనుకున్నాడు. కాస్త నొచ్చుకున్నాడు కూడా. నాలుగో రోజు వంటింట్లో అమ్మ చెప్పింది.

“నచ్చకపోవడం కాదురా. మొదటి రోజు మీరు ఆఫీసుకెళ్ళాక కూచున్నారు. లేవలేకపోయారు. నేను చెయ్యిచ్చి లేపాను. కోడలి ముందు అలా లేపించుకోవాలంటే ఆయనకి మొహమాటం.”

ఈ కుర్రాడు ఆ సోఫా కొనేముందు యాభై రివ్యూలు చదివాడు. గుడ్డ రకం చూశాడు, రంగు చూశాడు, డెలివరీ ఎన్ని రోజులో చూశాడు. సీటు నేలకి ఎన్ని అంగుళాల ఎత్తులో వుందో చూడలేదు. అది పద్నాలుగు అంగుళాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి పదిహేడు, పద్దెనిమిది వుండాలి. మూడు నాలుగు అంగుళాల్లో తల్పం గిల్పమైపోయింది!

బోరబండ నుంచి వడ్లాయన వచ్చాడు. ఆంధ్రలో వడ్రంగి అంటారే, ఆయన్నే ఇక్కడ వడ్లాయన అంటారు. సోఫాని బోర్లించి చూశాడు, వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. నాలుగు సాగువాను దిమ్మెలు కోసి కాళ్ళ కింద బిగించాడు. మెత్తటి దిండు కింద ఒక పలక పరిచాడు. గంటన్నర పని.

“కూసునేటప్పుడు కాద్సార్, లేసేటప్పుడు తెలుస్తది కుర్చీ సంగతి,” అన్నాడు పెన్సిల్ చెవి మీద పెట్టుకుంటూ. ఆ మాటని ఫర్నిచర్ డిజైన్ కాలేజీలో గోడ మీద రాయించొచ్చు. “ఇప్పుడు మాకు చెక్క కోసే పని తగ్గింది సార్. డబ్బా ఇప్పి స్క్రూలు బిగించుడే ఎక్కువైంది,” అని కూడా అన్నాడు. కోపంగా అనలేదు. వున్న మాట అన్నాడు.

ఇక చెక్క సంగతి. ఇక్కడ సత్యపీఠం అవసరం బాగా వుంది. ‘వుడెన్ ఫినిష్’ అంటే చెక్క అని కాదు, చెక్కలా కనిపిస్తుందని అర్థం. పార్టికల్ బోర్డు అంటే చెక్క రజనూ పేళ్ళూ జిగురుతో కలిపి నొక్కిన పలక. కొన్ని చవక బల్లల్లో లోపల తేనెపట్టు ఆకారంలో అట్ట తప్ప ఏమీ వుండదు. అది మోసం కాదు, తేలిగ్గా చవగ్గా వుండడానికి అలాగే చేస్తారు. అరచేత్తో ఎత్తి పక్కన పెట్టొచ్చు. కానీ మన ఇళ్ళలో నేల తుడవడమంటే బకెట్ నీళ్ళు పొయ్యడమే. పార్టికల్ బోర్డు అంచుకి నీళ్ళు తగిలితే అది పూరీలా ఉబ్బుతుంది, మళ్ళీ దిగదు. కాళ్ళున్న సామాను కొనండి, అడుగున చీపురు దూరాలి. ఇంకోటి. అలాంటి పలకలో స్క్రూ ఒకసారి గట్టిగా పట్టుకుంటుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగిస్తే రంధ్రం వదులైపోతుంది. మణికొండ నుంచి నల్లగండ్లకీ, నల్లగండ్ల నుంచి మియాపూర్‌కీ పదకొండు నెలలకోసారి మకాం మార్చే బ్రహ్మచారులు బీరువా లాంటి పెద్ద వస్తువులు అద్దెకి తీసుకోవడమే మేలు. లేదా ఆదివారంనాడు ఎర్రగడ్డ సంతకి పొండి. పాత టేకు కుర్చీ దొరికితే దొరికినట్టే. బేరం మాత్రం మీకు చేతనవ్వాలి, దానికి గ్యారంటీ కార్డుండదు.

బీరువా అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో అసలైన బీరువా చూడాలంటే పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి వెళ్ళండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టలు పెట్టుకున్న బీరువా 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, పైకెక్కడానికి చేత్తో తిప్పే లిఫ్టు! ఫలక్‌నుమాలో భోజనాల బల్ల దగ్గర 101 మంది కూచోవచ్చు. ఆ వూళ్ళోనే ఇప్పుడు మనం గోడలోంచి కిందకి మడతవిప్పే బల్ల మీద ఇద్దరం ఇడ్లీ తింటున్నాం. అదీ డిజైనే, తక్కువేం కాదు. నాలుగడుగుల జాగాలో నలుగురి పని జరిపించడం 176 అడుగుల బీరువా చెయ్యడం కన్నా కష్టం. మడతపెట్టే బల్లలూ, కింద సొరుగులున్న మంచాలూ, ఒకదాన్లో ఒకటి దూరిపోయే స్టూళ్ళూ... వీటికి మాత్రం నా ఓటు.

అలంకారం సామాను దగ్గరికొస్తే నేను పక్షపాతిని. శిల్పారామం సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో వుంది. అక్కడ మనవాళ్ళు ఎంతమంది దిగుతారు? ఏటికొప్పాక పనివాళ్ళు అంకుడు కర్రని తిప్పుతూ లక్కతో, చెట్ల రంగులతో నునుపు తేలుస్తారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనవాళ్ళు దాన్ని ‘బొమ్మలు’ అని పిల్లలకి వదిలేశారు. ఆ గుండ్రటి గిన్నెలూ, డబ్బాలూ ఒక తెల్ల బల్ల మీద పెట్టి చూడండి, స్వీడన్ వాడు వెనక్కి తిరిగి చూస్తాడు. పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబులు బూడిదరంగు సోఫా మీద వేస్తే ఆ హాలుకి ప్రాణం వస్తుంది. గోడకి గిటారు బదులు చేర్యాల ముఖం ఒకటి తగిలించొచ్చు. మొత్తం హాలంతా ఇవే నింపితే మాత్రం అది ఇల్లు కాదు, ఎంపోరియం అవుతుంది! ఒకటి రెండు చాలు.

చేతులు దురదపెడుతున్నవాళ్ళకి ఇంకో దారి. రాయదుర్గంలోనే 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు. కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకోవడానికి కట్టిన చోటు అది, చెక్కపని యంత్రాలు కూడా వున్నాయి. రోజంతా తెర మీద కోడ్ రాసేవాళ్ళు జీవితంలో ఒక్క స్టూలైనా సొంతంగా చేసి చూడాలి. నాలుగు కాళ్ళూ ఒకే ఎత్తులో రావడం ఎంత కష్టమో తెలిశాక వడ్లాయన అడిగిన కూలీ దగ్గర బేరమాడబుద్ధి కాదు.

కొనడానికి బయల్దేరేముందు జేబులో టేపు పెట్టుకోండి. హాలు కొలవడం అందరూ చేస్తారు. తలుపు కొలవండి, మెట్ల మలుపు కొలవండి, ముఖ్యంగా లిఫ్టు కొలవండి. తణుకు కుర్రాడి పక్క బ్లాకులో ఒకాయన ముగ్గురు కూచునే సోఫా ఒకే ముక్కగా కొన్నాడు. లిఫ్టులో పట్టలేదు. ఆరో అంతస్తుకి మెట్ల మీద మోయించబోతే మూడో అంతస్తు మలుపులో ఇరుక్కుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. రెండు రోజులు అక్కడే వుంది. మూడో అంతస్తు పిల్లలకి పండగ! సాయంత్రం పూట అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా కాసేపు దాని మీదే కూచుని ఫోన్లో సినిమా చూసేవాడు.